ఐదేళ్ల మాత్ర

చిరంజీవులు బుజ్జికి, చిన్నాకి అమ్మమ్మ దీవించి రాయునది.

మొన్న వచ్చినప్పుడు క్యాలెండర్ మీద నేను పెట్టుకున్న టిక్కులు లెక్కపెట్టి, "గడ్డ తీసేశారుగా, ఇంకా ఐదేళ్లు మాత్రెందుకు అమ్మమ్మా?" అని అడిగింది బుజ్జి. చేతినిండా దోసెల పిండి. "డాక్టరుగారు చెప్పారులే" అని దాటేశాను. ఆ జవాబు నాకే నచ్చలేదు.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు నొక్కి చూస్తాను కదా. అంతా ఒకే ఎసట్లో పోసిన బియ్యం కాబట్టి అది చెల్లుతుంది. మనుషులు అలా కాదు. ఆకు పసరుతో ఎవరికో క్యాన్సర్ పోయిందని చిన్నా వాట్సాప్‌లో పంపిన వీడియో చూశాను. అది ఒక్క మెతుకు, నాయనా.

రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టకుండా నేను వేసుకునే టామాక్సిఫెన్ మాత్రతోనూ మొదట్లో ఇదే తంటా. ఒకచోట రోగులకిచ్చి చూసిన పరీక్షలో పనిచేసిందంటే, ఇంకోచోట తేడా తేలలేదనేవారు. 1980లలో ఆక్స్‌ఫర్డ్‌లో రిచర్డ్ పీటో అనే గణాంక శాస్త్రవేత్త బృందం ఆ పరీక్షలన్నీ పోగుచేయడం మొదలుపెట్టింది. అచ్చయిన వ్యాసాలతో సరిపెట్టుకోలేదు. అచ్చుకానివాటి లెక్కలు కూడా, ఒక్కో రోగి వివరాలతో సహా అడిగి తెప్పించుకున్నారు. పనిచేసిన మందు గురించి గొప్పగా అచ్చేయించుకుంటారు, పనిచేయనిదాని కాగితాలు బీరువాలో ఉండిపోతాయి మరి. (తక్కువ మార్కులొచ్చిన పేపరు పరుపు కింద దాచినవాళ్లకి నేను వివరించక్కర్లేదు.) ఇలా ప్రశ్న ముందే రాసుకుని, దానిమీద జరిగిన పరీక్షలన్నీ వెతికి, తాలు ఏరి, కలిపి తూచడాన్నే సిస్టమాటిక్ రివ్యూ అంటారు.

1998 నాటికి 55 పరీక్షలు, సుమారు 37,000 మంది ఆడవాళ్ల లెక్క తేలింది. ఈస్ట్రోజెన్ హార్మోన్‌తో సంబంధం లేని గడ్డలకు ఈ మాత్రతో ఒరిగేది దాదాపు ఏమీ లేదు. అలాంటివాళ్లను పక్కనపెట్టి చూస్తే, రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టడం ఏడాది వాడినవాళ్లలో 21 శాతం, రెండేళ్లు వాడినవాళ్లలో 29, ఐదేళ్లు వాడినవాళ్లలో 47 శాతం తగ్గింది. నాది ఆ హార్మోన్‌తో పెరిగే రకమే. నా చీటీ మీది ఐదు అక్కణ్ణుంచి వచ్చింది, బుజ్జీ.

గర్భసంచి క్యాన్సర్ ముప్పు కొంత పెరుగుతుందని చెప్పిందీ ఆ లెక్కే. రక్తం కనబడితే ఆగకుండా రమ్మని డాక్టరుగారు అందుకే అన్నారు.

2013లో అట్లాస్ అనే పెద్ద పరీక్ష, పదేళ్లు వాడితే ఇంకా మేలని చూపించింది. నాకు ఐదు చాలో, కొనసాగించాలో వచ్చే నెల తేలుస్తారు. మీ తాతయ్యని మాత్రం కొత్త క్యాలెండర్ తెచ్చిపెట్టమన్నాను.

మీ అమ్మమ్మ