కిరాయి బండి నుంచి కంటెయినర్ దాకా: ఉజ్బెక్ రవాణా మాటల వెనుక కథ

ఉజ్బెక్ భాషలో డ్రైవరును ‘హయ్‌దొవ్చి’ అంటారు. ‘హయ్‌దమోక్’ అంటే పశువులను తోలడం. ఇంగ్లిష్ ‘డ్రైవ్’ కూడా ఒకప్పుడు మందలను తోలడమే. ఎద్దులనూ బండినీ ఒకే మాటతో తోలే మనకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. ఉజ్బెక్, ఇంగ్లిష్ రెండు భాషల రవాణా పదాల్లో ఇలాంటి చుట్టరికాలు చాలానే ఉన్నాయి. చిక్కంతా మధ్యలో రష్యన్ వేసిన పొరతోనే.

రైలు రాకముందు సమర్‌ఖండ్, బుఖారా దారులు ఒంటెల బిడారులవి. బిడారును ‘కర్వోన్’ అనేవారు. ఆ పారశీక మాటే ఐరోపా చేరి కారవాన్ అయింది, చివరి ముక్క ఇంగ్లిష్‌లో ‘వ్యాన్’గా మిగిలింది. బండిని బాడుగకు తోలేవాడు ‘కిరకష్’. అందులోని ‘కిర’, మన ‘కిరాయి’ ఒకే అరబీ వేరు నుంచి వచ్చాయి. సొంత కారులో కిరాయికి జనాన్ని ఎక్కించుకునేవాడు అక్కడ నేటికీ కిరకషే.

రష్యా జారు ప్రభుత్వం వేసిన రైలు 1888లో సమర్‌ఖండ్‌కు, 1899లో తాష్కెంట్‌కు చేరింది. 1906లో ఒరెన్‌బర్గ్ మార్గం పూర్తయి తాష్కెంట్ నేరుగా రష్యాతో కలిసింది. పట్టాల దారికి ‘తెమిర్ యోల్’, అంటే ఇనుప దారి అని సొంత మాట కుదిరింది కానీ, రైలు ‘పోయెజ్ద్’గా, పెద్ద స్టేషను ‘వొక్జాల్’గా రష్యన్ నుంచే వచ్చాయి. వొక్జాల్ మూలం లండన్‌లోని వాక్స్‌హాల్ ఉద్యానం. ఆ పేరు రష్యాలో వినోదశాలలకు వాడుకైంది. 1838లో సెయింట్ పీటర్స్‌బర్గ్ దగ్గరి పావ్లోవ్‌స్క్ చేరిన రైలు మార్గం చివర అలాంటి సంగీతశాల ఉండేది, క్రమంగా ఆ మాట స్టేషనుకే స్థిరపడింది. ఇంగ్లిష్ పేరు ఇలా రష్యన్ వేషంలో ఉజ్బెక్‌లోకి దిగింది. ఇంగ్లిష్‌లో మాత్రం ఆ మాటకు స్టేషను అనే అర్థమే లేదు.

1989లో ఉజ్బెక్ రాజ్యభాష అయ్యాక సొంత మాటల వెతుకులాట ఊపందుకుంది. విమానాశ్రయానికి ‘తయ్యోరగోహ్’ అన్నారు, జనం ‘ఆయెరొపోర్త్’ను వదల్లేదు. తాష్కెంట్ మెట్రోలో తర్వాతి స్టేషనుకు ‘కెయింగి బెకత్’ అనే ప్రకటన మాత్రం అందరి చెవులకూ అలవాటే. నా లెక్కలో మాటకు అసలు పరీక్ష ఇదే: రోజూ ప్రయాణించేవాడి నోట నిలవాలి.

వ్యాపార పత్రాల్లో తప్పుకు మూల్యం ఎక్కువ. సముద్రం చేరాలంటే కనీసం రెండు దేశాలు దాటాల్సిన దేశం ఉజ్బెకిస్తాన్. పొరుగు రైల్వేలతో రష్యన్ పత్రాలు నడుస్తాయి, ఓడరేవు దగ్గర ఇంగ్లిష్ ఎదురవుతుంది. కార్గో, లోడ్, గూడ్స్, ఫ్రెయిట్ నాలుగింటికీ ఉజ్బెక్‌లో ‘యుక్’ సరిపోతుంది. కానీ ఫ్రెయిట్ అంటే సరుకే కాదు, దాని రవాణా ఛార్జీ కూడా. ‘ఫ్రెయిట్ ప్రీపెయిడ్’ను ‘యుక్’తో అనువదిస్తే, రవాణా ఛార్జీకి బదులు సరుకు డబ్బే ముందుగా కట్టినట్టు అవుతుంది.