నడుముకి ఎంత సీసం?

చిరంజీవులు అమ్మలుకి, అబ్బులుకి తాతయ్య ఆశీస్సులు.

ఉభయకుశలోపరి. మొన్న ఆదివారం ఫోన్లో అమ్మలు చెప్పిన మాట దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు. స్విమ్మింగ్ పూల్‌లో స్కూబా, అదే గాలి సిలిండర్ కట్టుకుని నీళ్ళ కిందకి దిగే ప్రాక్టీసు మొదలైందనీ, ఎంతకీ మునగకపోతే ముందు ఆరు కిలోలు, తర్వాత ఎనిమిది కిలోల సీసం నడుముకి కట్టారనీ, "అప్పుడు రాయిలాగా దిగిపోయాను తాతయ్యా" అనీ సంబరంగా చెప్పావు. పక్క నుంచి అబ్బులు, తను పది కట్టించుకుంటానని అరిచాడు. నేను నోరు విప్పేలోపు సిగ్నల్ పోయింది. ఇది ఫోన్లో తేలే విషయం కూడా కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఇద్దరూ కలిసి చదవండి.

మన రేవులో వలలు కట్టడం చూశారు కదా. పైతాడుకి బెండ్లు, కిందితాడుకి సీసపు గుళ్ళు. గుళ్ళు ఎక్కువైతే వల అడుగుకి పోయి బురదలో పడుతుంది, తక్కువైతే పైకి తేలి గుట్టగా పడుతుంది. రెండూ సరిపోయినప్పుడే నీళ్ళ మధ్యలో గోడలాగా నిలబడుతుంది. వల కట్టేవాళ్ళు గుళ్ళని ఒక్కొక్కటే లెక్కపెట్టి గుచ్చుతారు. నీళ్ళ కిందకి వెళ్ళే మనిషి కూడా ఆ వలలాగా నిలబడాలి. పైకీ పోకూడదు, కిందకీ పోకూడదు. మీ ఒంట్లో, ఒంటి మీద తేలేది ఎంత ఉందో, సరిగ్గా అంతకే సీసం.

తేలేది ఏముంది అంటారా? మన ఒళ్ళు ఊపిరి నిండుగా ఉంటే తేలుతుంది, వదిలేస్తే చాలామందిది మెల్లగా మునుగుతుంది. నీళ్ళలోకి దిగేముందు ఒంటికి తొడుక్కునే వెట్‌సూట్ రబ్బరు స్పాంజి, దానినిండా చిన్న చిన్న గాలి బుడగలు. అది బాగా తేలుతుంది. ఇక సిలిండర్. దాని సంగతి కాసేపాగి చెప్తాను, అసలు కిటుకంతా అక్కడే ఉంది.

ఆర్కిమెడిస్ సూత్రం తొమ్మిదో తరగతిలో చదివారు. నాకు మాత్రం మన పెరట్లో నుయ్యే నేర్పింది. చేద నీళ్ళలో ఉన్నంతసేపూ తాడు తేలిగ్గా వస్తుంది. నీళ్ళు దాటి పైకి రాగానే చేతులు లాగేస్తాయి. మునిగిన వస్తువు ఎంత నీటిని పక్కకి నెడితే, అంత నీటి బరువు దాన్ని పైకి తోస్తుంది. మనిషీ సామానూ కలిపి 90 లీటర్ల చోటు ఆక్రమించారనుకోండి, పూల్‌లో మంచినీళ్ళు 90 కిలోల బలంతో పైకి తోస్తాయి. సముద్రపు నీరు లీటరుకి ఇంచుమించు 25 గ్రాములు బరువెక్కువ. అదే మనిషిని సముద్రం 92 కిలోల పైచిలుకు బలంతో తోస్తుంది. అంటే పూల్‌లో సరిపోయిన సీసానికి సముద్రంలో రెండు కిలోల పైన కలపాలి. అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ళ గట్టు మీద నిలబడి అటు సముద్రాన్నీ ఇటు వశిష్ఠనీ చూశారు కదా, ఆ గట్టుకి అటూ ఇటూ మీ బెల్టు బరువు ఒకటి కాదు. మంచినీళ్ళలోనే అమ్మలుకి ఎనిమిది కట్టినవాళ్ళు రేపు అండమాన్ హేవలాక్‌లో, ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్నారు, పది కడతారు. యాభై కిలోల పిల్లకి, పల్చటి సూట్‌కి, అందులో సగం కూడా ఎక్కువేనని నా అంచనా. కానీ నా అంచనా మీద కూడా నడవొద్దు. నీళ్ళనే అడగాలి. ఎలా అడగాలో చెప్తాను.

ముందు ఒక పని చేయండి. లీటరు ప్లాస్టిక్ సీసా ఒకటి, పెన్ను మూత ఒకటి తీసుకోండి. మూతకి పైన కన్నం ఉంటే మూసేయండి. మూత కొక్కేనికి బంకమట్టి కొంచెం అంటించి, గ్లాసు నీళ్ళలో వదిలి చూడండి. మట్టి కొద్ది కొద్దిగా పెంచుతూ పోతే, మూత నిలువుగా నిలబడి దాని కొస గోరంత మాత్రమే పైకి కనిపించే దశ వస్తుంది. అప్పుడు దాన్ని నిండా నీళ్ళు పోసిన సీసాలో వేసి బిరడా బిగించండి. సీసాని పక్కల నుంచి నొక్కండి. మూత దిగుతుంది. వదలండి, లేస్తుంది. కళ్ళు దగ్గర పెట్టి చూస్తే, నొక్కినప్పుడు మూతలోకి నీరు ఎక్కి గాలి బుడగ చిన్నదవడం కనిపిస్తుంది. బుడగ చిన్నదైతే నెట్టే నీరు తగ్గింది, మూత మునిగింది. ఇప్పుడు దాన్ని సరిగ్గా మధ్యలో ఆపడానికి ప్రయత్నించండి. ఒక్క క్షణం ఆగినట్టే ఉంటుంది, కాస్త కిందకి జారిందా, పైన నీటి ఒత్తిడి పెరిగి బుడగ ఇంకా తగ్గి, ఇంకా కిందకి పోతుంది. కాస్త లేచిందా, బుడగ పెరిగి ఇంకా లేస్తుంది. వేలు నిరంతరం సర్దుతూనే ఉండాలి. మీరు బీసీడీ, అంటే గాలి నింపుతూ వదులుతూ తేలుడు సర్దుకునే జాకెట్టు, వేసుకుని నీళ్ళలోకి దిగితే, ఆ మూత మీరే.

తర్వాత ఆ నీళ్ళలో 35 గ్రాముల కల్లుప్పు కరిగించి మళ్ళీ చూడండి. అదే మూత ఎంత నొక్కితే దిగుతుందో చూస్తే సముద్రానికి బెల్టు ఎందుకు మారాలో మీ వేళ్ళకే తెలుస్తుంది.

లోతు లెక్క కూడా ఇదే. పైన మనమీద ఉన్న గాలి ఒత్తిడి ఒక వంతు. సముద్రంలో ప్రతి పది మీటర్లకీ ఇంకో వంతు కలుస్తుంది. పైన నాలుగు లీటర్లున్న బుడగ పది మీటర్ల దగ్గర రెండు లీటర్లు, ముప్ఫై దగ్గర ఒక లీటరు. గమనించారా, మొదటి పది మీటర్లలోనే సగం పోయింది. ఆ తర్వాత ఇరవై మీటర్లు దిగితే పోయింది ఇంకో లీటరే. అందుకే లోతులో నిలబడటం తేలిక, పైకి దగ్గరయ్యేకొద్దీ కష్టం. కొత్తవాళ్ళకి ముప్ఫై మీటర్లంటే టెన్షన్. నాకు ఎప్పుడూ చివరి అయిదు మీటర్లంటేనే టెన్షన్.

ఇప్పుడు సీసం ఎక్కువైతే ఏమవుతుందో లెక్క వేద్దాం. అవసరానికి మించి నాలుగు కిలోలు కట్టుకున్నావనుకో అమ్మలూ. పది మీటర్ల దగ్గర నిలబడాలంటే ఆ నాలుగు కిలోలని మోయడానికి బీసీడీలో అదనంగా నాలుగు లీటర్ల గాలి నింపాలి. అక్కడి నుంచి అయిదు మీటర్లకి లేచావు. ఒత్తిడి రెండు వంతుల నుంచి ఒకటిన్నరకి తగ్గింది. ఆ నాలుగు లీటర్లు 5.3 అయ్యాయి. అంటే నువ్వేమీ చేయకుండానే కిలో మూడు వందల గ్రాముల పైన పైకి తోపు. వెంటనే గాలి వదలకపోతే బుడగ ఇంకా పెరుగుతుంది, ఇంకా తోస్తుంది. అదే అదనం కిలో మాత్రమే ఉంటే, ఆ తోపు 300 గ్రాములు. ఊపిరి కాస్త గట్టిగా వదిలితే సరిపోయేది. సీసం ఎక్కువున్నవాడు మునిగిపోతాడని అందరూ అనుకుంటారు. నేను చూసినంతలో, వాళ్ళు అదుపు తప్పి పైకి లేచిపోవడం కూడా అంతే ఎక్కువ. దిగేటప్పుడు రాయి, లేచేటప్పుడు బూర. మధ్యలో నిలకడ ఉండదు. గాలి నింపడం, వదలడం, మళ్ళీ నింపడం, ఆ తంటాలకి సిలిండర్ కూడా త్వరగా అయిపోతుంది.

మరి తక్కువైతే? ఇది నా మీదకే వచ్చింది, దాచకుండా చెప్తాను. అండమాన్ వెళ్ళిన మూడో ఏడు. అప్పటిదాకా నేను ఉక్కు సిలిండర్‌తో దిగేవాణ్ణి. ఆ రోజు అల్యూమినియంది దొరికింది. బెల్టు మార్చలేదు. దిగేటప్పుడు రెండు మూడుసార్లు కాళ్ళు ఎక్కువ ఆడించాల్సి వచ్చింది, పట్టించుకోలేదు. కింద నలభై నిమిషాలు హాయిగా గడిచాయి. తిరిగి అయిదు మీటర్లకి వచ్చి మూడు నిమిషాలు ఆగుదామంటే ఒళ్ళు ఆగడం లేదు. బీసీడీలో గాలంతా వదిలేశాను. ఊపిరి ఖాళీ చేశాను. అయినా ఎవరో చంకల కింద చేతులేసి లేపుతున్నట్టు పైకే పోతున్నాను. చేతికి పడవ లంగరు తాడు దొరికింది. నాచు పట్టి జారిపోతున్న ఆ తాడుని రెండు చేతులా పట్టుకుని, తలకిందులుగా వేలాడుతూ మూడు నిమిషాలు గడిపాను. నాతో దిగిన ఇద్దరు కొత్తవాళ్ళు నన్నే చూస్తున్నారు. తాడు లేకపోతే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

జరిగిందేమిటంటే, గాలికి బరువుంది. పదకొండు లీటర్ల సిలిండర్‌లో 200 బార్, అంటే బయటి గాలికి ఇంచుమించు 200 రెట్ల ఒత్తిడితో కూరిన గాలి బయటికొస్తే 2200 లీటర్లు. లీటరు గాలి గ్రామున్నర లోపే, 1.2 గ్రాములు. మొత్తం రెండున్నర కిలోల పైన. 50 బార్ మిగిలేదాకా పీల్చామంటే రెండు కిలోలు ఖర్చయిపోయినట్టే. మామూలుగా వాడే అల్యూమినియం సిలిండర్ నిండుగా ఉన్నప్పుడు మునుగుతుంది, ఖాళీ అయ్యేసరికి తేలుతుంది. ఉక్కువి చాలావరకు ఖాళీ అయినా మునిగే ఉంటాయి. అంటే డైవ్ మొదట్లో మనకున్న బరువు చివర్లో ఉండదు. సీసం లెక్క చూడాల్సింది సిలిండర్ నిండుగా ఉన్నప్పుడు కాదు, ఖాళీ కాబోతున్నప్పుడు. చివర్లో, అయిదు మీటర్ల దగ్గర, ఖాళీ బీసీడీతో కదలకుండా నిలబడగలిగేంత సీసం చాలు. మొదట్లో ఆ రెండు కిలోలు ఎక్కువ ఉంటాయి, వాటికి బీసీడీలో రెండు లీటర్ల గాలి చాలు.

ఆ మూడు నిమిషాలు ఎందుకంటే, లోతులో పీల్చిన గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కరుగుతుంది. గోళీ సోడా గోళీ నొక్కగానే బుస్సున నురగ వస్తుంది కదా, ఒక్కసారి పైకి లేస్తే ఒంట్లో అదే జరగొచ్చు. అందుకే నిమిషానికి తొమ్మిది మీటర్లు మించకుండా లేవాలి, అయిదు దగ్గర ఆగాలి. ఇంకొకటి, ఇది కొండగుర్తు: నీళ్ళ కింద ఊపిరి బిగబట్టకూడదు. పది మీటర్ల దగ్గర నిండిన ఊపిరితిత్తుల గాలి, పైకొచ్చేసరికి రెండింతలవ్వాలని చూస్తుంది. ఊపిరి ఆడుతూనే ఉండాలి. దీనికి మినహాయింపు లేదు.

నీళ్ళని అడిగే పద్ధతి ఇదీ. డైవ్ అయిపోయాక, సిలిండర్‌లో 50 బార్ ఉన్నప్పుడు, మీ ట్రైనర్‌ని పక్కనే ఉండమని చెప్పి నీటి పైభాగంలోనే నిలువుగా ఉండండి. సిలిండర్ గాలి పీల్చుకునే రెగ్యులేటర్ నోట్లోనే ఉండాలి. బీసీడీలో గాలంతా తీసేయండి. కాళ్ళూ చేతులూ ఆడించొద్దు. మామూలుగా ఊపిరి తీసుకుని ఉంటే నీరు కళ్ళ దగ్గరికి రావాలి. వదిలితే మెల్లగా మునగాలి. కళ్ళు బాగా పైనే ఉంటే కిలో కలపండి, నెత్తి మునిగిపోతే కిలో తీయండి. నిండు సిలిండర్‌తో చూడాల్సి వస్తే, వచ్చిన లెక్కకి రెండు కిలోలు కలపండి.

అమ్మలు మొదట ఎందుకు మునగలేదో నేను చూడకుండానే చెప్పగలను. భయానికి రొమ్ము నిండా గాలి పట్టి ఉంచావు. తెలియకుండానే కాళ్ళు ఆడిస్తూ ఉన్నావు. ఇంకా పూర్తిగా తడవని సూట్‌లో గాలి ఉంది, బీసీడీ భుజం దగ్గర కొంచెం గాలి చిక్కుకుని ఉంది. వీటన్నిటినీ విప్పి చూడటం కన్నా రెండు సీసం ముక్కలు గుచ్చడం తేలిక. పదిమందిని ఒకేసారి దింపాల్సినవాళ్ళు అదే చేస్తారు. నేనూ చేశాను, తప్పని తెలిసాక మానేశాను. ఈసారి రెండు చీలమండలు ఒకదానిమీద ఒకటి వేసి, ఊపిరి పూర్తిగా, మెల్లగా, కడుపులోంచి వదిలి, ఒక్క క్షణం ఆగి చూడు. మునుగుతావు.

సీసం సరిపోయాక ఇక నడిపేది ఊపిరే. మామూలు ఊపిరి అరలీటరు, గాఢంగా తీస్తే రెండు లీటర్లు, అంటే రెండు కిలోల తోపు. అయితే పీల్చిన వెంటనే లేవరు, రెండు మూడు సెకన్లు పడుతుంది. కొత్తవాళ్ళు ఆ ఆలస్యం ఓర్చుకోలేక బీసీడీ బటన్ నొక్కేస్తారు. ఆగండి. ఊపిరితో చూడండి, కుదరకపోతేనే బటన్, అదీ చిటికెడు చిటికెడు.

సీసం ఎక్కడ కట్టామన్నది కూడా ఉంది. నావలో సరుకంతా అమరం, అంటే వెనక వైపే వేస్తే ముందున్న అణియం లేచిపోయి నావ నీటిని తోసుకుంటూ పోతుంది. బరువంతా నడుముకే ఉంటే కాళ్ళు వేలాడతాయి. కాళ్ళకి తొడుక్కున్న రెక్కల్లాంటి ఫిన్స్ పోయి పగడాలకి తగులుతాయి. కొన్ని పగడాలు ఏడాదికి సెంటీమీటరు కూడా పెరగవు పిల్లలూ. నా కళ్ళముందే ఒకరి మడమ తగిలి అరచేయంత ముక్క విరిగింది, పెరగడానికి ఎన్నేళ్ళు పట్టిందో. ఒక కిలో తీసి సిలిండర్ పట్టీకి, వీపు పైభాగాన పెడితే ఒళ్ళు అడ్డంగా సర్దుకుంటుంది. బెల్టు బకిల్ మాత్రం అన్నిటికన్నా పైన, కుడిచేత్తో ఒక్క లాగుకి ఊడేలా ఉండాలి. దిగేముందు అబ్బులు అమ్మలుదీ, అమ్మలు అబ్బులుదీ తడిమి చూడండి.

ఇక్కడికొచ్చినప్పుడు మాత్రం కాలువలోనూ, గోదాట్లోనూ ఇవేవీ ప్రయత్నించొద్దు. వరద నీళ్ళలో మన చెయ్యి మనకి కనిపించదు, లాకుల దగ్గర లాగుడు మీకు తెలియదు.

ఒక చిన్న పుస్తకం కొనుక్కుని, దిగిన ప్రతిసారీ నాలుగు మాటలు రాసుకోండి: మంచినీరా ఉప్పునీరా, ఏ సూట్, ఏ సిలిండర్, ఎన్ని కిలోలు. చివర్లో అయిదు మీటర్ల దగ్గర నిలబడగలిగారా లేదా, అదీ రాయండి. మొదటి పేజీ నిండగానే ఫొటో తీసి మీ నాన్న ఫోన్లోంచి పంపించండి. అమ్మలు పేరు పక్కన ఎనిమిది పోయి ఎంత వచ్చిందో చూడాలని ఉంది. పెన్ను మూత సీసా నేనూ ఒకటి చేసి అరుగు మీద పెట్టాను. మీ నాయనమ్మ వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ దాన్ని నొక్కి పోతోంది.

ఇట్లు,
మీ తాతయ్య