"ఏదో డైట్ కోర్సంట కదా అక్కా": న్యూట్రిషన్ చదువు మీద నేను వినే అపోహలు

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం నాకు ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, మా పాప బైపీసీ. నీట్‌లో ర్యాంకు రాలే. నువ్వు చేసిందే చేయిద్దామనుకుంటున్నం, ఏదో డైట్ కోర్సంట కదా..." ఆ 'ఏదో' దగ్గర నాకు ప్రతి ఏడూ కొంచెం కాలుతుంది. పద్నాలుగేళ్లుగా హైదరాబాద్ ఆస్పత్రుల్లో క్లినికల్ డైటీషియన్‌గా చేస్తున్నాను. విసుక్కోకుండా అందరికీ ఒకేలా చెప్పాలంటే రాసి పెట్టడమే మేలనిపించింది.

అపోహ: అది వంటల కోర్సు

ఈ మాట ఊరికే పుట్టలేదు. మా ముందు తరంలో ఈ చదువు హోం సైన్స్ అనే గొడుగు కింద ఉండేది. సైఫాబాద్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం కాలేజీలో కోర్సు పేరు కమ్యూనిటీ సైన్స్‌గా మారినా పాతవాళ్లకు అది ఇప్పటికీ హోం సైన్స్ కాలేజే. పేరులో 'హోం' ఉంటే వంటిల్లే గుర్తొస్తుంది మరి.

వండలేదా అంటే, వండాం. ఫుడ్ ల్యాబ్‌లో 30 గ్రాముల బియ్యం తూచి, ఉడికించి, అన్నాన్ని మళ్లీ తూచి, రెండు అంకెలూ రికార్డులో రాసుకునేవాళ్లం. పప్పుకీ అంతే, రొట్టెకీ అంతే. అప్పుడు విసుగొచ్చేది. ఇప్పుడు ఎవరి కంచంలో అన్నం చూసినా అందులో పచ్చిబియ్యం ఎంతో కంటితోనే అంచనా వేయగలను. పెళ్లిళ్లలో మాత్రం ఈ విద్య చూపించొద్దని మా ఆయన ఆంక్ష.

ల్యాబ్ బయట మిగిలిందంతా బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్. గర్భిణులకు ఇచ్చే ఎర్ర మాత్రే తీసుకోండి. అందులో ఇనుముతో పాటు ఫోలిక్ యాసిడ్ ఎందుకుందో చెప్పాలంటే, అది లేకపోతే కణంలో డీఎన్ఏ తయారీ ఎక్కడ ఆగిపోతుందో, ఎర్రకణాలు విడిపోలేక పెద్దవిగానే ఎందుకు మిగిలిపోతాయో తెలియాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన బృందం 1940లలో ఆ ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. మా మేడం ఆ పాఠం రోజు ఈ సంగతి చెప్పి, "మీరు చదివేది వంటల పుస్తకం కాదు" అని చాక్‌పీసు బల్ల మీద పెట్టేసింది. కెమిస్ట్రీ అంటే గిట్టని పిల్లలను దయచేసి ఇటు పంపకండి. రెండో సెమిస్టర్‌కే ఏడుస్తారు.

అపోహ: డైటీషియన్ పని బరువు తగ్గించడం

ఓపీలో బరువు కోసం వచ్చేవాళ్లు ఉంటారు, కాదనను. వార్డులో మాత్రం నా రోజంతా తినని మనుషులతో తినిపించడానికే సరిపోతుంది. ఆపరేషన్ తర్వాత ఆకలి చచ్చినవాళ్లు, కీమో వల్ల అన్నం వాసనకే వాంతి వచ్చేవాళ్లు, ముక్కులో గొట్టంతో పడుకున్నవాళ్లు. ఆస్పత్రి మంచం మీద మనిషి ఎంత తొందరగా చిక్కిపోతాడో రౌండ్స్‌లో రోజూ చూస్తే తప్ప నమ్మలేం.

ఒక ఉదాహరణ చెప్తాను. సూర్యాపేట వైపు నుంచి ఒక పెద్దాయన డయాలసిస్‌కు వచ్చేవాడు. చూస్తుండగానే కండ కరిగిపోతోంది. భార్యను కూర్చోబెట్టి అడిగాను.

"నిన్న పొద్దున లేచినప్పటిసంది ఏమేం తిన్నడో చెప్పు పెద్దమ్మా."

"ఏం తింటడు బిడ్డా. గింత బువ్వ, గింత పచ్చిపులుసు."

"పప్పు?"

"అవ్వో, పప్పు వద్దన్నరు గద! మూడేండ్ల కింద డాక్టరు సారే చెప్పిండు. గప్పటిసంది ఇంట్ల పప్పు వండుడే బంద్ జేసిన."

డాక్టరు చెప్పింది తప్పు కాదు. కిడ్నీ దెబ్బతిని, ఇంకా డయాలసిస్ దాకా రానివాళ్లకు ప్రొటీన్ తగ్గిస్తాం. కిలో బరువుకు 0.6 నుంచి 0.8 గ్రాముల దాకా. డయాలసిస్ మొదలయ్యాక లెక్క తిరగబడుతుంది. ప్రతి సిట్టింగ్‌లోనూ ప్రొటీన్‌కు ముడిసరుకైన అమైనో ఆమ్లాలు కొన్ని డయాలసిస్ ద్రవంతో పాటు పోతాయి కాబట్టి కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలి. అరవై కిలోల మనిషికి రోజుకు 60 నుంచి 72 గ్రాములన్నమాట. మూడొందల గ్రాముల బియ్యంలో వచ్చేది దాదాపు 24. అరవై గ్రాముల కందిపప్పు కలిపితే ఇంకో 13. రెండు గుడ్ల తెల్లసొన 7, ఒక గిన్నెడు పెరుగు 6, కొంచెం కోడికూర వేస్తే అప్పటికి అరవై దాటుతుంది. పచ్చిపులుసూ బువ్వలో ఇది ఎక్కడుంది? పాత సలహా ఇంట్లో శిలాశాసనమైపోయింది. కొత్త సలహా ఎవరో ఒకరు కూర్చుని చెప్పాలి. అది నా ఉద్యోగం.

డయాలసిస్ వార్డులో ఇంకో గండం ప్రేమగా వచ్చే చుట్టాలు. కొబ్బరిబొండాలు పట్టుకొస్తారు. ఆ నీళ్లలో పొటాషియం ఎక్కువ. కిడ్నీ పనిచేయని ఒంట్లో పొటాషియం బయటికి పోయే దారి ఉండదు. అది పెరిగితే గుండె లయ తప్పుతుంది. బొండాల కన్నా నాకు భయం వేసేది 'తక్కువ సోడియం ఉప్పు' ప్యాకెట్. బీపీకి మంచిదని కొంటారు. అందులో సోడియం తగ్గించిన మేరకు వేసేది పొటాషియం క్లోరైడే. మామూలు బీపీ మనిషికి మేలు చేసేదే ఈ మనిషికి విషం కావచ్చు. అందుకే పక్క మంచం వాళ్ల డైట్ షీట్‌ను ఫోన్లో ఫొటో తీసుకునేవాళ్లను చూస్తే నేను అరుస్తాను. నా గొంతు మూడో అంతస్తు దాకా వినిపిస్తుందని నర్సులు అంటారు.

ఐసీయూలో ఇంకో చిక్కు. పది రోజులు సరిగా తినని మనిషికి మొదటి రోజే నిండుగా ఫీడ్ ఎక్కిస్తే ఇన్సులిన్ ఒక్కసారిగా లేచి, రక్తంలో ఉన్న ఫాస్ఫరస్‌ను, పొటాషియంను కణాల్లోకి లాక్కుపోతుంది. ప్రాణం మీదికి రావచ్చు. కాబట్టి కొంచెంతో మొదలుపెట్టి, రక్తపరీక్షలు చూసుకుంటూ పెంచుతాం. నీలోఫర్ లాంటి పిల్లల ఆస్పత్రుల్లో తీవ్రంగా చిక్కిపోయిన పసివాళ్లకు మొదట ఎఫ్-75 పాలు పట్టి, నిలదొక్కుకున్నాకే ఎఫ్-100కు మారడం వెనకా ఉన్నది ఇదే భయం. ఆ అంకెలు 100 మిల్లీలీటర్లకు ఎన్ని కిలోకేలరీలో చెప్తాయి.

అపోహ: చార్ట్ ఇస్తే పనైపోతుంది

చార్ట్ ప్రింటర్ కూడా ఇస్తుంది. చదువు పనికొచ్చేది దానికి ముందు అడిగే ప్రశ్నల్లో. గడిచిన 24 గంటల్లో తిన్నవన్నీ చెప్పించడం మా మొదటి పరికరం. వినడానికి తేలిక. "పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి రెండు చపాతీలు, అంతే మేడం" అంటాడు షుగర్ ఉన్న కొట్టు యజమాని. లెక్క ప్రకారం ఆ తిండికి ఆ షుగర్ రాకూడదు. "మధ్యలో?" అంటే "ఏం లేదు." అప్పుడు "కొట్లో ఛాయ్ ఎన్నిసార్లు వస్తుంది?" అని అడగాలి. ఆరు. చక్కెరతో. ఉస్మానియా బిస్కెట్లతో. ఆయన అబద్ధం చెప్పలేదు. ఈ ఊళ్లో ఛాయ్ తిండి కింద లెక్కే కాదు.

రంజాన్ నెల ముందు ఓపీ ఇంకోలా ఉంటుంది. ఇన్సులిన్ తీసుకుంటూ ఉపవాసం ఉంటామనేవాళ్లను "మానేయండి" అని పంపితే ఇంటికెళ్లి ఉండనే ఉంటారు, మనకు చెప్పరు. డాక్టరుతో కలిసి సహర్‌లో, అంటే తెల్లవారకముందు తినే తిండిలో, ఏం తినాలి, ఏ మోతాదు ఎప్పుడు మార్చాలి, షుగర్ ఎంతకు పడితే ఉపవాసం విరమించాలి అని ముందే కూర్చుని రాసిస్తాం. ఎవరికి ఉపవాసం అసలు కుదరదో కూడా అప్పుడే తేలుతుంది.

అపోహ: న్యూట్రిషన్ చదివితే మిల్లెట్స్ గురించి చెప్పడమే

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమన్నాక ఇది బాగా పెరిగింది. రాజేంద్రనగర్‌లో చిరుధాన్యాల పరిశోధన సంస్థే ఉన్న నగరం మనది, గర్వం సరే. రాగుల్లో 100 గ్రాములకు 350 మిల్లీగ్రాముల పైచిలుకు కాల్షియం ఉందన్నదీ నిజం. కానీ జొన్న 100 గ్రాములకు 330 కిలోకేలరీల చుట్టుపక్కల ఇస్తే, బియ్యం ఇచ్చేది 350 చుట్టుపక్కల. తేడా ఉన్నది పీచులో. నాలుగు జొన్నరొట్టెలు తిని "అన్నం మానేశాను కదా, షుగర్ ఎందుకు తగ్గట్లేదు" అంటే ఏం చెప్పాలి?

ఇంకో సంగతి పిల్లలకు పాఠంలో చెప్పాల్సింది. జొన్నే దాదాపు మొత్తం తిండిగా బతికిన దక్కన్ పేదల్లో పెల్లాగ్రా అనే విటమిన్ లోపం జబ్బు కనిపించేది. మెడ, ముంజేతులు, ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పొలుసులు లేచేది. జొన్నలోని ల్యూసిన్ అనే అమైనో ఆమ్లానికి దీనితో సంబంధముందన్న వాదనను 1960లో పోషకాహార శాస్త్రవేత్తలు డాక్టర్ సి. గోపాలన్, శ్రీకాంతయ్య ముందుకు తెచ్చారు. అందరూ ఒప్పుకోలేదు, వాదన చాన్నాళ్లు నడిచింది. జొన్న చెడ్డదని కాదు. జొన్నతో పాటు పప్పు, పాలు, కూర కంచంలోకి రాకపోవడం దగ్గర ఉంది కథంతా.

అపోహ: ఆస్పత్రి తప్ప దారి లేదు

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ముందు నుంచి రోజూ బస్సులో వెళ్తూ కూడా అదేమిటో తెలియనివాళ్లున్నారు. 1918లో కూనూర్‌లో ఒక గదిలో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టరు బెరిబెరి అనే విటమిన్ లోపం జబ్బు మీద మొదలుపెట్టిన ప్రయోగశాల అది. 1958లో హైదరాబాద్ వచ్చింది. మన దేశంలో రోజుకు ఎవరికి ఎంత ఇనుము, ఎంత ప్రొటీన్ కావాలో చెప్పే అంకెలు అక్కడివే. 2017లో వచ్చిన ఆహార పట్టికల్లో 528 పదార్థాలను విశ్లేషించారు; నేను పైన వేసిన కూడికలకు ఆధారం అలాంటి పట్టికే. అక్కడ అప్లైడ్ న్యూట్రిషన్, స్పోర్ట్స్ న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీ ఉంది. ప్రవేశపరీక్ష రాయాలి, సీట్లు తక్కువ. మిగతా ఎమ్మెస్సీలకు చాలావరకు సీపీగెట్ అనే రాష్ట్ర పీజీ ఉమ్మడి ప్రవేశపరీక్ష దారి.

నాతో చదివినవాళ్లలో ఒకమ్మాయి ఐసీడీఎస్‌లో, అంటే అంగన్‌వాడీలను నడిపే సర్కారు పథకంలో, సూపర్‌వైజర్. ఆమె కింద ఉన్న అంగన్‌వాడీల్లో ఆరోగ్యలక్ష్మి పథకం కింద పెట్టే భోజనం, గుడ్డు, పాలు గర్భిణి కడుపులోకే వెళ్తున్నాయా, ఇంటికి వెళ్తున్నాయా అన్నది ఆమె రోజువారీ తలనొప్పి. ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు ఇచ్చే బాలామృతం పొడి నాచారంలోనే తయారవుతుంది. అలాంటి మిశ్రమంలో గోధుమ ఎంత, శనగపప్పు ఎంత, పాలపొడి ఎంత అని తేల్చడమూ న్యూట్రిషన్ పనే. ఇంకో స్నేహితురాలు ఒక ఫుడ్ కంపెనీలో ప్యాకెట్ వెనక ఉండే పట్టిక లెక్కలు చూస్తుంది. మార్కెటింగ్ వాళ్లు "ప్రొటీన్ పుష్కలం" అని రాయమంటారు, ఈమె కుదరదంటుంది, సాయంత్రం నాకు ఫోన్ చేసి తిట్టుకుంటుంది. గచ్చిబౌలి వైపు అకాడమీల్లో ఆటగాళ్లతో పనిచేసేవాళ్లూ ఉన్నారు. సర్కారు ఉద్యోగాల్లో మాత్రం నోటిఫికేషన్‌లోని అర్హతల పేరా అక్షరం వదలకుండా చదవండి. ఒక పోస్టుకు డిగ్రీలో న్యూట్రిషన్‌తో పాటు జువాలజీనో కెమిస్ట్రీనో ఉండాలంటారు, ఇంకోదానికి అసలు న్యూట్రిషన్ పేరే ఉండదు.

జీతాల సంగతి కూడా. మొదట్లో తక్కువే. నా మొదటి జీతంలో హాస్టల్ ఫీజుకూ బస్ పాస్‌కూ పోను పండక్కి ఇంటికెళ్లే చార్జీలు మిగిలేవి. సాఫ్ట్‌వేర్‌లో చేరిన పెదనాన్న కూతురితో పోల్చి మా అమ్మ రెండేళ్లు నిట్టూర్చింది. అనుభవం, రిజిస్ట్రేషన్ వచ్చాక పరిస్థితి మారింది కానీ, డిగ్రీ చేతికొచ్చిన రోజే మారుతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

అపోహ: మగపిల్లలకు పనికిరాదు

మహిళా కాలేజీల్లో ఎక్కువగా ఉండటం వల్ల అలా కనిపిస్తుంది. ఐసీయూలో నా పక్కన పనిచేసే మంచి డైటీషియన్ మగవాడే.

అపోహ: ఆరు వారాల సర్టిఫికెట్ చాలు

చాలా ఏళ్లు మన దగ్గర ఎవరైనా 'న్యూట్రిషనిస్ట్' అని బోర్డు పెట్టుకున్నా అడిగే నాథుడు లేడు. జిమ్ కోచ్ పెట్టుకున్నాడు, పౌడర్లు అమ్మేవాళ్లు పెట్టుకున్నారు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం డైటీషియన్లను, న్యూట్రిషనిస్టులను తన జాబితాలో చేర్చింది. ఆ హోదాకు కనీసం 3,600 గంటల చదువున్న డిగ్రీ ఉండాలంటుంది. అమలు నత్తనడకే. అయినా ఇప్పుడు చేరే పిల్లలు బయటికి వచ్చే నాటికి ఆ రిజిస్టరులో పేరుండటం ముఖ్యమవుతుందని నా నమ్మకం.

దాని కన్నా ముందు నుంచీ ఉన్నది ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ పెట్టే ఆర్డీ (రిజిస్టర్డ్ డైటీషియన్) పరీక్ష. ఎమ్మెస్సీనో పీజీ డిప్లొమానో అయ్యాక ఆరు నెలలు ఆస్పత్రిలో ఇంటర్న్‌షిప్ చేసి రాయాలి. నేను రెండోసారికి పాసయ్యాను. కాలేజీలో చేరేముందు సీనియర్లను ఒక్క ప్రశ్న అడగండి: ఇంటర్న్‌షిప్ ఏ ఆస్పత్రిలో, అక్కడ రౌండ్స్‌లోకి రానిస్తారా, లేక వంటింట్లో ట్రేలు లెక్కపెట్టిస్తారా?

నాతో మొదటి నెలంతా ట్రేలే లెక్కపెట్టించారు. పై అంతస్తుకు వెళ్లినవి ఎన్ని, వచ్చినవి ఎన్ని. అవమానంగా ఉండేది. ఒకరోజు వంటింటి సూపర్‌వైజర్ ఆంజనేయస్వామి ఫొటో కింద స్టూలు మీద కూర్చుని, "ఎన్ని వచ్చినయని కాదమ్మా, తిరిగొచ్చిన దాంట్ల ఏం మిగిలిందో రాయి" అన్నాడు. ఆ రోజు 12వ నంబరు మంచం ట్రేలో పప్పు ముట్టుకోకుండా ఉంది. పైకెళ్లి అడిగితే, ఆ మంచం మీదున్నావిడ కట్టుడు పళ్లు ఇంట్లో మర్చిపోయి వచ్చిందట; పప్పులో ములక్కాడ ముక్కలు చూసి నమలలేనని పక్కన పెట్టేసిందట.