చిన్న గిన్నెలో సముద్రం

అమ్మలూ, చిన్నోడా,

మొన్న మీ నాన్న చేతిలోంచి ఫోన్ లాక్కుని మరీ అడిగావు కదా చిన్నోడా, "తాతయ్యా, ఉప్పునీటి చేపల్ని పెంచడం ఇదే మొదటిసారి కదా, చిన్న ట్యాంకుతో మొదలుపెడితే తేలిక కదా?" అని. షాపతను కూడా అదే చెప్పాడన్నావు. చదువుకునే బల్ల మీద పట్టే అడుగు గాజు పెట్టె చూపించి, అందులో తెల్ల చారల నారింజ రంగు క్లౌన్ చేపలు రెండు వేసుకోవచ్చన్నాడట. నేను "వద్దురా" అన్నానే గానీ ఎందుకు వద్దో చెప్పేలోపు లైన్ కట్ అయింది. అందుకే ఈ ఉత్తరం. అక్కా నువ్వూ కలిసి చదవండి.

చిన్నదైతే తేలిక అనుకోవడంలో నీ తప్పేం లేదు. చిన్న సైకిలు తొక్కడం తేలిక, చిన్న సంచీ మొయ్యడం తేలిక. నీళ్ళ దగ్గరికొచ్చేసరికి ఈ లెక్క తిరగబడుతుంది. ఎలాగో నానమ్మ చారుతో చెప్తాను.

ఇంట్లో నలుగురికి చారు పెట్టే గిన్నెలో ఒక చెంచా ఉప్పు ఎక్కువ పడిందనుకోండి, ఆ పూట చారు ఎవరూ నోట పెట్టలేరు. అదే చెంచా పెళ్ళివారి గుండిగలో పడితే మూడు వందల మంది తిని లేస్తారు, ఒక్కరికీ తెలియదు. ఇంకో సంగతి. పొద్దుటి చారు రాత్రికి మళ్ళీ వెచ్చబెడితే ఉప్పగా ఉంటుంది, గమనించారా? కొత్తగా ఎవరూ ఉప్పు వెయ్యలేదు. నీళ్ళు ఆవిరైపోయాయి, ఉప్పు గిన్నెలోనే ఉండిపోయింది. మీ ట్యాంకు కూడా చారు గిన్నే. కాకపోతే చారు బాగాలేకపోతే మనం మజ్జిగ పోసుకుంటాం. చేపకి ఆ వీలు లేదు. అది రాత్రీ పగలూ ఆ చారులోనే బతకాలి, ఆ చారునే పీల్చాలి.

సముద్రం లీటరు నీళ్ళలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. పగడపు దిబ్బల దగ్గర పుట్టిన చేపకి నిన్నా ఇవాళా రేపూ దాదాపు అదే రుచి. అంత పెద్ద గుండిగ కాబట్టి ఎండ కాసినా, జల్లు కురిసినా పెద్దగా మారదు. అలాంటి చోట బతికే ప్రాణిని తెచ్చి మనం గిన్నెలో వేస్తున్నాం.

నాకీ సంగతి మన నౌపడ ఉప్పు మడుల్లో తెలిసింది. మీ ముత్తాత అక్కడ పనిచేసేవారు. సముద్రపు నీటిని ఒక మడిలోంచి ఇంకో మడిలోకి వదులుతూ ఎండకి చిక్కబెట్టేవారు. ఆయన దగ్గర సన్నటి గాజు గొట్టం ఒకటుండేది. అడుగున బరువు, పైన గీతలు. నీళ్ళలో వదిలితే నిటారుగా తేలేది. సముద్రపు నీటిలో 3 డిగ్రీల గీత దగ్గర నిలిచేది. నీళ్ళు చిక్కబడేకొద్దీ గొట్టం పైకి లేచేది. 25 దగ్గరికి వచ్చిందంటే ఉప్పు పలుకులు కట్టడం మొదలైనట్టే.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, వేసవి సెలవుల్లో, ఉప్పుటేరులో వేలెడంత చేప ఒకటి దొరికింది. అమ్మ దగ్గర పాత సత్తు గిన్నె అడిగి తీసుకుని, సముద్రపు నీళ్ళు పోసి, అరుగు మీద పెట్టి పెంచాను. రోజూ వడ్లగింజ పొడవున నీళ్ళు తగ్గేవి. తగ్గినంతా నేను చెంబుతో సముద్రపు నీళ్ళే తెచ్చి పోసేవాణ్ణి. సముద్రం చేపకి సముద్రం నీళ్ళే కదా మంచివి అని. అయిదో రోజు పొద్దున్నే చూస్తే చేప పక్కకి ఒరిగి నోరు తెరిచి మూస్తోంది. గిన్నె అంచు చుట్టూ తెల్లటి గీత కట్టి ఉంది. గోటితో గీకితే రాలింది. మధ్యాహ్నానికి చేప పోయింది.

సాయంత్రం మా నాన్న వచ్చి ఏమీ తిట్టలేదు. గిన్నెలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని, ఆ గాజు గొట్టం తేల్చి నాకు చూపించారు. "ఇది సముద్రం కాదురా, మడి. రోజూ ఉప్పు కలిపావు. తగ్గిన నీళ్ళకి మంచినీళ్ళు పొయ్యాలి" అన్నారు. ఉప్పు ఒక్కటే దాన్ని చంపలేదని పెద్దయ్యాక తెలిసింది. అంత కొంచెం నీళ్ళలో గాలి చాలలేదు. అది విసర్జించినదాంట్లోంచి పుట్టిన అమ్మోనియా అనే విషం పోయే దారిలేక అక్కడే మిగిలిపోయింది. అయినా ఆ తెల్ల గీత నాకు ఇప్పటికీ కళ్ళకి కడుతుంది.

సరే, ఇప్పుడు మీ షాపతని అడుగు పెట్టె సంగతి. పొడవూ వెడల్పూ ఎత్తూ అడుగేసి అంటే 28 లీటర్లు. రాళ్ళు, ఇసుక, పైన వదిలే ఖాళీ పోగా నీళ్ళు 22 లీటర్లు ఉంటాయేమో. నేను చెప్పే ట్యాంకు 3 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. లెక్కకి 190 లీటర్లు, నీళ్ళు సుమారు 160. మీరు సంక్రాంతికి నాలుగు రోజులు ఇక్కడికొచ్చారనుకుందాం. చిన్నదాంట్లో రోజుకి అరలీటరు ఆవిరైనా, తిరిగి వెళ్ళేసరికి లీటరుకి 35 గ్రాముల ఉప్పు 38 దాటుతుంది. పెద్దదానికి నోరు పెద్దది, ఎక్కువ నీళ్ళే పోతాయి. అయినా 37 దగ్గర ఆగుతుంది.

ఉప్పులో తేడా ఇంతేనా అనకండి. అసలు తేడా మేతలో ఉంది. పక్కింటి పాప ముచ్చటపడి గుప్పెడు మేత వేసేసిందనుకోండి, అది కుళ్ళి పుట్టే అమ్మోనియా చిన్న పెట్టెలో ఏడు రెట్లు చిక్కగా ఉంటుంది. మీరు బడి నుంచి వచ్చేలోపే నష్టం జరిగిపోతుంది. పెద్దదాంట్లో అయితే కనిపెట్టడానికీ నీళ్ళు మార్చడానికీ మీకు కాస్త టైమ్ దొరుకుతుంది. కరెంటు పోయి గాలి పంపు ఆగినా అంతే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మీ వైజాగ్‌లో రోజుల తరబడి కరెంటు లేదు. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ఇంట్లో పెట్టుకోండి.

అలాగని అమ్మలు అడిగిన నాలుగడుగుల ట్యాంకు మాత్రం వద్దు తల్లీ. రెండు వారాలకోసారి పదో వంతు నీళ్ళు మార్చాలి. మూడడుగులదానికి అది ఒక్క బకెట్ పని, నాన్న సాయంతో మీరే చేసుకోగలరు. నాలుగడుగులదానికి ఇంకా ఎక్కువ బకెట్లు, దానికి తగ్గ ఉప్పు. రెండు నెలలకి విసుగొస్తుంది, మీకు విసుగొస్తే చేపలకి కష్టం. మూడడుగులదే నిండితే పాతిక కిలోల బియ్యం బస్తాలు పది ఒకచోట పేర్చినంత బరువు. బాల్కనీలో పెట్టకండి, గోడ వారగా గట్టి స్టాండు మీద పెట్టించండి. ఎండ తగలకూడదు. వంటింటి ఉప్పు కలపకండి. సముద్రపు నీటిలో ఉప్పుతో పాటు కాల్షియం, మెగ్నీషియం లాంటివి చాలా ఉంటాయి, అందుకని అక్వేరియం కోసం తయారుచేసే ఉప్పే కొనాలి. నీళ్ళు ఆర్‌ఓ నీళ్ళు.

చారు దించాక తేట పడేదాకా ఆగుతాం కదా, ఇక్కడా ఆగాలి. ఆ ఆగడం నెల నుంచి నెలన్నర. కంటికి కనబడని బ్యాక్టీరియా రాళ్ళ మీద పెరిగి అమ్మోనియాని విరిచి మార్చడం నేర్చేదాకా ఒక్క చేప కూడా వెయ్యకూడదు. తర్వాత క్లౌన్ చేపల జంట, అది కూడా హేచరీలో పుట్టిన పిల్లలు. ఇంకో నెల పోయాక గోబీ అనే చిన్న చేప ఒకటి. నీలం రంగు టాంగ్ చేప మీద చిన్నోడికి మోజుందని తెలుసు. అది అడుగు పొడవు పెరుగుతుంది నాన్నా, మన మూడడుగుల ట్యాంకు దానికి ఇరుకు.

డబ్బు కట్టేముందు ఒక పని చెయ్యండి. పున్నమికో అమావాస్యకో నీళ్ళు బాగా వెనక్కి వెళ్ళే వేళ కనుక్కుని, నాన్నతో రుషికొండ వైపు రాళ్ళ దగ్గరికి వెళ్ళండి. రాళ్ళ మధ్య గుంటల్లో నీళ్ళు నిలిచి ఉంటాయి, కొన్ని నానమ్మ చారు గిన్నెకన్నా చిన్నవి. ఒక గుంట పక్కన చప్పుడు చెయ్యకుండా పది నిమిషాలు కూర్చోండి. ఖాళీ నత్తగుల్లలో దూరి తిరిగే పీత వస్తుంది. రాయి అనుకున్నది పువ్వులా విచ్చుకుంటుంది. దేన్నీ ఇంటికి తేవద్దు, పగడం ముక్క అసలే వద్దు, చట్టం కూడా ఒప్పుకోదు.

అంత చిన్న గుంటలో అవి ఎలా బతుకుతున్నాయని చిన్నోడు నన్ను తప్పకుండా అడుగుతాడు. నన్నడక్కండి. ఇంకో రెండు మూడు గంటలు అక్కడే ఉండి, నీళ్ళు తిరిగి రావడం చూడండి. మొదటి అల వచ్చి ఆ గుంటలో పడినప్పుడు పీత ఏం చేసిందో నాకు రాయండి.

మీ తాతయ్య