బగ్ నంబరు 323

ఒక సంఖ్యకు 1 కలిపి, వచ్చిన జవాబును పక్కన పెట్టుకున్నారు. కాసేపటికి అదే సంఖ్యకు మళ్లీ 1 కలిపి, రెండు జవాబులూ ఒకటేనా అని కంప్యూటర్‌ను అడిగారు. కాదంది. 2000వ సంవత్సరంలో జీసీసీ అనే ఓపెన్ సోర్స్ కంపైలర్ ఫిర్యాదుల పట్టికలో 323వ నంబరుతో చేరిన బగ్ సారాంశం ఇదే. కంపైలర్ అంటే మనం రాసిన ప్రోగ్రామును ప్రాసెసర్‌కు అర్థమయ్యే యంత్రభాషలోకి మార్చేది. మామూలుగా కంపైల్ చేస్తే రెండు జవాబులూ సమానమే. వేగం కోసం కోడ్‌ను మెరుగుపరచమని కంపైలర్‌కు చెప్పినప్పుడే తేడా వస్తోంది. కంపైలర్ ఇంతకంటే అడ్డంగా ఎలా దొరికిపోతుంది అనిపిస్తుంది.

కానీ అది అంత తేలికగా తేలే తగవు కాదు. ఆ రోజుల్లో ఇంటెల్ తరహా ప్రాసెసర్లలో దశాంశ లెక్కలు చేసే విభాగానికి 80 బిట్ల రిజిస్టర్లు, అంటే లెక్క జరిగేటప్పుడు సంఖ్యలను ఉంచుకునే చోట్లు, ఉండేవి. ప్రోగ్రాము అడిగిన సంఖ్యలేమో 64 బిట్లవి. రిజిస్టర్‌లో ఉన్నంతసేపూ జవాబుకు చివర కొన్ని బిట్లు అదనంగా ఉంటాయి. మెమరీలోకి దించగానే ఆ తోక తెగిపోతుంది. ఇక్కడ ఒక జవాబు మెమరీకి వెళ్లి తిరిగొచ్చింది, రెండోది రిజిస్టర్‌లోనే ఉండిపోయింది. తోక ఉన్నదాన్నీ తెగినదాన్నీ పక్కపక్కన పెట్టి సమానమా అంటే, పాపం ప్రాసెసర్ మాత్రం ఏం చెబుతుంది?

మరి తప్పు ఎవరిది? లెక్క తేడా వచ్చింది కాబట్టి కంపైలర్‌దే అన్నాడు ప్రోగ్రామర్. ప్రాసెసర్‌ను అలా తయారుచేశారు, పైగా దశాంశ సంఖ్యలను నేరుగా సమానమా అని పోల్చడం మీ పొరపాటు అన్నారు కంపైలర్‌ను చూసుకునేవాళ్లు. ఫిర్యాదు మీద చెల్లదు అని ముద్ర వేశారు. అంతటితో అది ఆగలేదు. ఇదే దెబ్బ తిన్నవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చి కొత్త ఫిర్యాదు పెట్టడం, దాన్ని తీసుకెళ్లి 323కి ముడిపెట్టడం ఏళ్ల తరబడి సాగింది. 2010లో వచ్చిన జీసీసీ 4.5లో సీ భాషకు ఒక ఐచ్ఛికం ఇచ్చారు: అడిగితే అదనపు బిట్లను భాషా నియమం చెప్పినచోట కచ్చితంగా కత్తిరిస్తుంది. సీ ప్లస్ ప్లస్ భాషకు అదే సదుపాయం 2023లో, జీసీసీ 13తో వచ్చింది. ఈలోగా 64 బిట్ల ప్రాసెసర్లు వేరే రకం యంత్ర సూచనలతో లెక్కలు చేయడం మొదలుపెట్టి, చాలామందికి ఆ చిక్కే లేకుండా చేశాయి. జబ్బు పడినవాడు ఊరు మారాక మందు చేరినట్టుంది వ్యవహారం.

కంపైలర్ నిర్వహణ అనగానే బగ్‌లు సరిచేయడం, కొత్త సదుపాయాలు చేర్చడం అనుకుంటాం. నాకు మాత్రం అది సగానికి సగం తగవులు తీర్చే పని అనిపిస్తుంది. ప్రోగ్రాము రాసినవారు, భాషా నియమాలు రాసినవారు, ప్రాసెసర్ తయారుచేసినవారు, వీళ్ల ముగ్గురి మధ్యా కంపైలర్ నిలబడి ఉంటుంది. ఏ ఇద్దరికి పొసగకపోయినా ఫిర్యాదు వచ్చేది దాని మీదే.

ఆ ముగ్గురూ ఒకచోట నిలిచి ఉండరు కూడా. రిచర్డ్ స్టాల్‌మన్ 1987లో జీసీసీని విడుదల చేసినప్పుడు అది సీ భాషకు మాత్రమే కంపైలర్. ఇప్పుడు ఫోర్‌ట్రాన్, అడా, గో వంటి భాషలెన్నో దాని కింద ఉన్నాయి. సీ ప్లస్ ప్లస్ భాషా ప్రమాణం 2011 నుంచి మూడేళ్లకోసారి మారుతోంది. కింద ప్రాసెసర్లూ మారుతూనే ఉన్నాయి. ఎవరూ ముట్టుకోకుండా వదిలేసిన కంపైలర్ అలాగే ఉండిపోదు, పైనా కిందా ఉన్న లోకం కదిలిపోవడంతో దానంతటదే పాతబడుతుంది. 2019 నాటికి జీసీసీ సుమారు కోటిన్నర వరుసల కోడ్. అంత కోడ్‌ను చదివినవారు ఒక్కరూ ఉండరు. అందుకే ఏ భాగానికి ఎవరు బాధ్యులో చెప్పే పేర్ల జాబితా ఒకటి కోడ్‌తోపాటే ఒక ఫైలుగా ఉంటుంది. మీరు ఒక సవరణ పంపితే ఆ భాగం తెలిసినవారు చదివి ఒప్పుకోవాలి. ఒకటి రెండు వారాలు గడిచినా జవాబు రాకపోతే ‘పింగ్’ అని ఒక్క మాట రాసి గుర్తుచేయడం ఆనవాయితీ. మూడో పింగ్, నాలుగో పింగ్ కూడా కనిపిస్తుంటాయి. కొరత కోడ్ రాసేవారికి కాదు, చదివేవారికి.

ఆ కొరత ఒకసారి ఇల్లు రెండుగా చీలేదాకా వెళ్లింది. సవరణలు లోపలికి రావడం మరీ ఆలస్యమవుతోందని విసిగిన కొందరు 1997లో ఈజీసీఎస్ పేరుతో వేరు కుంపటి పెట్టారు. ఓపెన్ సోర్స్ కాబట్టి కోడ్ మొత్తాన్నీ పట్టుకుపోవచ్చు, ఎవరూ అడ్డు చెప్పలేరు. రెండేళ్లు తిరిగేసరికి వాళ్లదే మెరుగని తేలింది. 1999లో ఆ చీలిక శాఖనే అసలు జీసీసీగా ప్రకటించారు. వేరుపడినవాళ్లకే పాత ఇంటి తాళాలు అప్పగించడం సాఫ్ట్‌వేర్ చరిత్రలో తరచూ చూసేది కాదు.

తగవుల సంగతికి మళ్లీ వస్తాను. 2009లో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నెల్‌లో బయటపడిన ఒక లోపం వీటన్నిటిలోకీ నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. నెట్‌వర్క్‌కు సంబంధించిన ఒక చిన్న ఫంక్షన్‌లో రెండు వరుసలు ఉన్నాయి. మొదటి వరుస ఒక పాయింటర్‌ను, అంటే మెమరీలో ఒక చోటి అడ్రసును, పట్టుకుని, అది చూపించే చోటి నుంచి ఒక విలువను తెచ్చుకుంటుంది. రెండో వరుస, ఆ పాయింటర్ ఖాళీగా ఉందా అని చూసి, ఉంటే వెనక్కి వెళ్లిపోతుంది. గడప దాటాక తలుపు తట్టినట్టు, చేయాల్సిన పరీక్ష ఒక వరుస ఆలస్యంగా చేశారు.

ఇప్పుడు జీసీసీ వాదన వినండి. ఖాళీ పాయింటర్ నుంచి విలువ తెచ్చుకుంటే ఏం జరగాలో సీ భాష చెప్పదు, ఏమైనా జరగవచ్చు అంటుంది. సరైన ప్రోగ్రాము ఆ పని చేయదు. మొదటి వరుసలో దీని నుంచి విలువ తెచ్చుకున్నారంటే పాయింటర్ ఖాళీగా లేదన్నమాట. లేనప్పుడు రెండో వరుసలో పరీక్ష దండగ. తీసేద్దాం. తీసేసింది! తర్కంలో ఒక్క లోపం లేదు. కానీ కెర్నెల్‌లో, ఖాళీ పాయింటర్ చూపించే సున్నా అడ్రసు దగ్గర కూడా మెమరీ ఉండేలా చేయవచ్చు. అప్పుడు మొదటి వరుస కూలిపోకుండా దాటుతుంది, ఆపాల్సిన రెండో వరుస యంత్రభాషలో అసలు లేదు. ఆ సందులోంచి దాడి చేసేవాడు యంత్రం మొత్తాన్నీ చేజిక్కించుకోవచ్చు. సోర్స్ కోడ్‌ను ఎంతసేపు చూసినా ఆ పరీక్ష అక్కడే కనిపిస్తుంటుంది.

ఇది తిలా పాపం తలా పిడికెడు. వరుసలు తారుమారు చేసినవారిది కొంత, తెగించి తీసేసిన కంపైలర్‌ది కొంత, ‘ఏమైనా జరగవచ్చు’ అని చేతులు దులుపుకున్న భాషా నియమాలది కొంత. కెర్నెల్ వాళ్లు కోడ్‌ను సరిదిద్దడమే కాక, ఇలాంటి పరీక్షలను తీసేయవద్దని జీసీసీకి చెప్పే ఐచ్ఛికాన్ని కూడా పెట్టుకున్నారు. కంపైలర్ వాళ్లు నియమం తమ వైపే ఉందన్నారు, నిజంగానే ఉంది. అయినా నా సానుభూతి కెర్నెల్ వైపే మొగ్గుతుంది. నియమం చదివి బతికే ప్రోగ్రామర్లు తక్కువ. నిన్న ఎలా నడిచిందో చూసి రాసేవాళ్లే ఎక్కువ.

నిన్న నడిచినదానికి జీసీసీ క్యాలెండర్‌లో పెద్ద పీటే ఉంది. ఏటా నవంబరు నడిమికి కొత్త సదుపాయాలు చేర్చడం ఆపేస్తారు. జనవరి నుంచి దాదాపుగా ఒకే రకం పని: పాత విడుదలలో సరిగ్గా నడిచి ఇప్పుడు చెడిపోయిన వాటిని బాగుచేయడం. మొదటి నుంచీ ఉన్న బగ్ కంటే కొత్తగా చెడిపోయినది ముందు వరుసలో ఉంటుంది. అలాంటి తీవ్రమైనవి సున్నాకు చేరాకే వేసవి మొదట్లో విడుదల.

ఒక ఫిర్యాదు నిజమా కాదా తేల్చే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. ఎవరో వేల వరుసల ప్రోగ్రాము పంపి, ‘దీనికి తప్పుడు కోడ్ వస్తోంది’ అంటారు. అంతా చదవడం కుదరని పని. అందుకని కత్తిరించే సాధనం ఒకదాన్ని దాని మీదికి వదులుతారు. అది ఒక ముక్క తీసేసి, బగ్ ఇంకా ఉందా అని చూస్తుంది. ఉంటే ఆ ముక్క అక్కర్లేదు. పోతే ముక్కను వెనక్కి పెట్టి వేరేచోట కత్తి పెడుతుంది. రాత్రంతా ఇలా సాగి, తెల్లారేసరికి పది వరుసలు మిగులుతాయి. కొండను తవ్వి ఎలుకను పట్టారని ఎగతాళి చేస్తాం కానీ ఇక్కడ కావలసిందే ఆ ఎలుక. తరువాత, దాన్ని తెచ్చిన మార్పు ఏదో వెతకాలి. మంచిగా నడిచిన పాత రూపానికీ ఇప్పటికీ మధ్య వెయ్యి మార్పులు ఉన్నాయనుకోండి. సరిగ్గా నడిమిదాన్ని పరీక్షిస్తే సగం కొట్టేయవచ్చు. మిగిలిన సగంలో మళ్లీ నడిమిది. పది పరీక్షల్లో వెయ్యిలో ఒక్కటి చేతికి చిక్కుతుంది. ఆ పది వరుసల ఎలుక పారేసేది కాదు. ఫిర్యాదు నంబరే పేరుగా పరీక్షల సంచిలో చేరి, ఆ తరువాత ఆ కోడ్ మీద చేయి వేసే ప్రతివారినీ అడ్డగిస్తుంది.

ఫిర్యాదు వచ్చేదాకా ఆగకుండా తామే బగ్‌ల వేటకు బయలుదేరినవారూ ఉన్నారు. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం పరిశోధకులు సీస్మిత్ అనే సాధనంతో యాదృచ్ఛికంగా సీ ప్రోగ్రాములు పుట్టించి, ఒకే ప్రోగ్రామును వేర్వేరు కంపైలర్లకు ఇచ్చి, జవాబులు కలవనిచోట ఆగి చూశారు. 2011లో వారు ప్రకటించేనాటికి దొరికిన బగ్‌లు 325కి పైనే. పరీక్షించిన ప్రతి కంపైలర్ ఎక్కడో ఒకచోట తప్పుడు కోడ్ ఇచ్చింది. ఫ్రాన్స్‌లో జేవియర్ లెరోయ్ బృందం గణిత నిరూపణతో కట్టిన కాంప్‌సర్ట్ అనే కంపైలర్‌లో కూడా కొన్ని దొరికాయి, అయితే అవి నిరూపణ జరగని అంచుల్లోనే. నిరూపించిన నడిమి భాగంలో తప్పుడు కోడ్ ఒక్కటీ దొరకలేదు.

జీసీసీ తన మీద తాను పెట్టుకునే పరీక్ష ఒకటుంది. యంత్రంలో ముందే ఉన్న కంపైలర్‌తో కొత్త జీసీసీని కంపైల్ చేస్తారు. వచ్చిన దానితో మళ్లీ అదే సోర్స్‌ను కంపైల్ చేస్తారు. దానితో మరోసారి. రెండోసారి వచ్చినదీ మూడోసారి వచ్చినదీ అక్షరం పొల్లుపోకుండా ఒకటిగా ఉండాలి. తేడా ఉందంటే కంపైలర్ తనను తానే తప్పుగా అనువదించుకుంటోందని అనుమానించాలి. యునిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్ మాత్రం, కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం అందుకుంటూ చేసి 1984లోనే అచ్చయిన ప్రసంగంలో దీని అడుగు కదిపేశాడు. కంపైలర్‌లో దొంగ కోడ్ దూర్చి, అది ప్రతి కొత్త కంపైలర్‌లోకీ తనను తానే ఎక్కించుకునేలా చేస్తే, సోర్స్‌లో దాని జాడే కనిపించదు. రెండు ప్రతులూ చక్కగా సరిపోతాయి, రెంటిలోనూ దొంగ ఉంటాడు.

అన్నిటికంటే కష్టమైన తగవు మాత్రం బగ్‌ల గురించి కాదు, ఎవరూ చూసుకోని భాగాలను ఏం చేయాలన్నది. 1979లో వచ్చిన మోటరోలా 68000 ప్రాసెసర్ కుటుంబం ఒకప్పుడు మొదటి మెకింటాష్, అమిగా కంప్యూటర్లలో ఉండేది. ఇప్పుడు దాన్ని అంటిపెట్టుకున్నవాళ్లు కొద్దిమంది అభిమానులు. లెక్క ఫలితం సున్నానా, రుణాత్మకమా అని ప్రాసెసర్ గుర్తుంచుకునే గుర్తులను జీసీసీ లోపల నమోదు చేసే పద్ధతి పాతదైపోయింది. దాన్ని తీసేస్తాం, కొత్త పద్ధతికి మారని ప్రాసెసర్ల మద్దతు కూడా పోతుంది అని నిర్వాహకులు తేల్చారు. వారి వైపు నుంచి చూస్తే న్యాయమే. ఎవరూ పట్టించుకోని కొన్ని ప్రాసెసర్ల కోసం మిగతా కోడ్ అంతా రెండు పద్ధతులనూ మోయాల్సి వస్తోంది. అభిమానులు తలా కొంత వేసుకుని, ఆ పని చేసినవారికి బహుమతిగా సొమ్ము పోగుచేశారు. 2019 చివర్లో కొత్త పద్ధతికి మార్చిన కోడ్ లోపలికి చేరింది. 2022లో వచ్చిన జీసీసీ 12లో పాత పద్ధతి లేదు, 68000 కుటుంబం ఉంది.

1987 మార్చిలో స్టాల్‌మన్ రాసిన మొదటి ప్రకటనలో, ఈ కంపైలర్ తనను తాను సరిగ్గా కంపైల్ చేసుకుంటోంది అని ఒక వాక్యం ఉంది. అలా చేసుకున్నది 68020 మీద. ఆ కుటుంబంలోదే.