బ్యూటేన్‌ను చేత్తో తిప్పి చూడండి: అణు నమూనాలపై అపోహలు - వాస్తవాలు

అపోహ: మంచి నమూనాకు ఖరీదైన కిట్ కావాలి.
వాస్తవం: విశాఖలో పూర్ణా మార్కెట్ వైపు ఫ్యాన్సీ షాపుల్లో దొరికే థర్మోకోల్ బంతులు, టూత్‌పిక్‌లు చాలు. బ్యూటేన్‌కు (C₄H₁₀) కార్బన్లుగా 4 పెద్ద బంతులు, హైడ్రోజన్లుగా 10 చిన్నవి, బంధాలుగా 13 పుల్లలు. మైదాముద్దతో మాత్రం చేయకండి, ఇక్కడి తేమకు బూజు పడుతుంది.

అపోహ: కార్బన్ బంతికి నాలుగు పుల్లలూ ప్లస్ గుర్తులా గుచ్చితే సరిపోతుంది.
వాస్తవం: అది పుస్తకంలో బొమ్మ, కార్బన్ ఆకారం కాదు. బంధకోణం, అంటే రెండు పుల్లల మధ్య కోణం, 109.5 డిగ్రీలు. బంతి నెత్తిన ఒక పుల్ల గుచ్చండి. నడుము చుట్టూ పెన్సిల్‌తో గీత గీయండి. 50 మిల్లీమీటర్ల బంతి అయితే ఆ గీతకు 8 మిల్లీమీటర్ల కింద సమదూరంలో మూడు గుర్తులు పెట్టి, పుల్లలను బంతి మధ్యకు గురిపెట్టి దించండి. మూడు కాళ్ల మీద కదలకుండా నిలబడితే సరిగ్గా వచ్చినట్టే.

అపోహ: గొలుసు వంగితే పేరు మారుతుంది.
వాస్తవం: పిల్లలు ఎక్కువ మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. చివరి కార్బన్‌ను కిందికి వంచి గీస్తే చాలు, ‘1-మిథైల్ ప్రొపేన్’ (మూడు కార్బన్ల గొలుసు, మొదటిదానికి ఒక కార్బన్ కొమ్మ) అని రాసేస్తారు. నమూనా చేతికిచ్చి, రెండు కొనలూ పట్టుకుని తిప్పమనండి. ఒక్క పుల్ల పీకకుండానే తిన్నటి బ్యూటేన్ అయిపోతుంది. ‘2-ఇథైల్ ప్రొపేన్’ (రెండో కార్బన్‌కు రెండు కార్బన్ల కొమ్మ) కూడా ఇలాంటి తప్పు పేరే. ఒక కొనమీద వేలుపెట్టి, ఎత్తకుండా మరో కొనదాకా నడిపించండి. ప్రతి జత కొనలకూ ఇలాగే లెక్కపెడితే పొడవైన దారిలో నాలుగు కార్బన్లు తేలతాయి. అసలు పేరు 2-మిథైల్ బ్యూటేన్.

ఒక నమూనాలో పుల్ల పీకి వేరేచోట గుచ్చితే తప్ప రెండో నమూనా రాకపోతే, అవి వేర్వేరు సాదృశ్యకాలు (ఐసోమర్లు), అంటే ఒకే ఫార్ములా ఉన్నా అమరిక వేరైన అణువులు. మల్కాపురం రిఫైనరీ తీసే వంటగ్యాసులోనూ ఉండే బ్యూటేన్ -0.5 డిగ్రీల వద్ద మరిగితే, అదే C₄H₁₀ అయిన 2-మిథైల్ ప్రొపేన్ -11.7 వద్దే మరుగుతుంది. కొమ్మ ఉన్న అణువులు ఒకదానికొకటి తక్కువగా తాకుతాయి, ఆకర్షణ తగ్గుతుంది.

అపోహ: ద్విబంధం కూడా తిరుగుతుంది.
వాస్తవం: రెండు పుల్లలు పక్కపక్కన గుచ్చి తిప్పండి, కదలదు. గొలుసు మధ్యలో ద్విబంధం ఉన్న 2-బ్యూటీన్‌కు సిస్ (కొనలు రెండూ ఒకే పక్క), ట్రాన్స్ (ఎదురెదురు పక్కల) రూపాలు అందుకే.

అపోహ: అంటిస్తే గట్టిగా ఉంటుంది, ఏ రంగైనా వేయొచ్చు.
వాస్తవం: జిగురు పెడితే ఏకబంధం తిరగదు, నమూనా ఉపయోగమే పోతుంది. రంగుకు పోస్టర్ కలర్ వాడండి. ఆయిల్ పెయింట్‌లోని థిన్నర్ బంతిని కరిగించేస్తుంది, ఎందుకంటే థిన్నర్‌లాగే థర్మోకోల్ కూడా హైడ్రోకార్బనే (కార్బన్, హైడ్రోజన్‌లతో అయినది), దాని పేరు పాలీస్టైరీన్.