ఎంహెచ్370 గొడవలోకి మళ్లీ వచ్చిన గ్రెనేడ్

2014లో గల్లంతైన మలేషియా ఎయిర్‌లైన్స్ విమానం ఎంహెచ్370 కోసం మళ్లీ వెతుకుతాం అని 2025 చివర్లో మలేషియా చెప్పిందో లేదో, పాత హైడ్రోఫోన్ల గొడవ కూడా లేచింది, అంటే సముద్రంలోని మైకులు పట్టిన శబ్దాలతో విమానం పడిన చోటు చెప్పొచ్చా లేదా అని. 2014 మార్చి 8న ఏం జరిగిందో, శాటిలైట్ లెక్కల్లోంచి ఏడో ఆర్క్ (చివరి సిగ్నల్ వచ్చినప్పుడు విమానం ఉండగలిగిన చోట్లన్నీ కలిపే వంపు గీత) ఎలా వచ్చిందో వదిలేద్దాం. నన్నడిగితే అసలు మలుపు ఆ విమానం దగ్గర లేదు, 2017 నవంబర్ 15న 44 మందితో గల్లంతైన అర్జెంటీనా సబ్‌మెరైన్ శాన్ హువాన్ దగ్గరుంది.

అణుపరీక్షలు కనిపెట్టడానికి సీటీబీటీఓ అనే అంతర్జాతీయ సంస్థ సముద్రంలో పెట్టిన మైకులున్నాయి కదా, వాటిలో దాదాపు 6,000 కిలోమీటర్ల దూరంలో అసెన్షన్ దీవి దగ్గరవి, 8,000 దూరంలో క్రోజే దీవుల దగ్గరవి ఆ రోజు ఒక శబ్దాన్ని పట్టాయి. పట్టడం వేరు, చోటు చెప్పడం వేరు. నీళ్లలో శబ్దం సెకనుకి సుమారు 1,500 మీటర్లు పోతుంది అంటాం గానీ వేడిని బట్టి, ఉప్పుని బట్టి, లోతుని బట్టి ఆ వేగం మారుతుంది, దారి వంగుతుంది, అంత దూరం వచ్చేసరికి చిన్న తేడా కూడా కిలోమీటర్ల తప్పవుతుంది. అందుకే డిసెంబర్ 1న అర్జెంటీనా నేవీ విమానం సబ్‌మెరైన్ చివరిసారి ఉన్న చోటికి దగ్గర్లో ఒక గ్రెనేడ్ వేసింది. ఎక్కడ పేలిందో, ఎప్పుడు పేలిందో ముందే తెలుసు, ఆ శబ్దం కూడా రెండు చోట్లా వినపడింది, ఇంక పాత సిగ్నల్‌ని దీని పక్కన పెట్టి లెక్క సరిచూసుకోవడమే. 2018 నవంబర్‌లో సముద్రపు అడుగు గాలించే కంపెనీ ఓషన్ ఇన్ఫినిటీ వాళ్లకి 907 మీటర్ల లోతులో సబ్‌మెరైన్ దొరికింది. ఎంహెచ్370ని వెతకడానికి 2025లో మలేషియా ఒప్పందం చేసుకున్నదీ ఆ కంపెనీతోనే.

కార్డిఫ్ యూనివర్సిటీ పరిశోధకుడు ఉసామా కాద్రి 2024లో అడిగింది సరిగ్గా ఇదే. ఆస్ట్రేలియా కేప్ ల్యూవిన్ దగ్గరి మైకుల రికార్డింగుల్లో ఆయనకి టైముకి సరిపోయే సిగ్నల్ ఒకటి కనిపించింది, కానీ అది హిందూ మహాసముద్రంలోని డియెగో గార్షియా దీవి దగ్గరి మైకుల్లో లేదు, కాబట్టి ఇదే విమానం అని ఆయన కూడా అనలేదు. ఏడో ఆర్క్ పొడుగునా లెక్కప్రకారం పేలుళ్లు చేసి చూడండి, ఈ సిగ్నల్‌తో పోలితే వెతకాల్సిన చోటు తగ్గుతుంది, పోలకపోతే ఇంకోసారి ఆలోచిద్దాం అన్నాడు. కాదనేవాళ్ల మాట కూడా ఉంది, సబ్‌మెరైన్ లోతులో నలిగింది, విమానం నీటి పైన పడింది, రెండు శబ్దాలూ ఒకేలా ప్రయాణించవని. నిజమే, కానీ 2014లో కర్టిన్ యూనివర్సిటీ వాళ్లు పట్టిన ఇంకో శబ్దం కూడా శాటిలైట్ లెక్కలతో కుదరక పక్కకి పోయింది, తేల్చడానికి పరీక్ష పెట్టకుండా ఇంకెన్నాళ్లు వాదించుకుంటారు?

మలేషియా, ఓషన్ ఇన్ఫినిటీల ఒప్పందం మాత్రం సముద్రపు అడుగు గాలించడానికే, కొత్తగా 15,000 చదరపు కిలోమీటర్లు, దొరికితే 7 కోట్ల డాలర్లు, దొరక్కపోతే పైసా లేదు.